దానానికీ ఒక ఊరు కావాలి

హైదరాబాద్ నగరంలో ఇప్పటిదాకా దొరికిన రాతల్లో అన్నిటికన్నా పాతది ఒక దానపత్రం. చైతన్యపురి దగ్గర, మూసీ ఒడ్డున, కోసగుండ్ల నరసింహస్వామి గుడి ఉన్న ఫణిగిరి గుట్ట మీద బండకు చెక్కిన శాసనం అది. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మీ. అక్షరాల తీరును బట్టి క్రీ.శ. 4-5 శతాబ్దాల నాటిదనీ, విష్ణుకుండినుల కాలానిదనీ చరిత్రకారులు చెబుతారు. గోవిందరాజ విహారం అనే బౌద్ధ విహారం పేరు అందులో ఉంది. భిక్షాన్నంతో బతికే భిక్షువుల కోసం, ధర్మాన్ని కంఠస్థం చేసి నిలిపే ధమ్మధరుల కోసం సంఘదేవుడనే భదంతుడు రాతి గది కట్టించాడన్నది అందులోని విషయం. చార్మినార్ పుట్టడానికి వెయ్యేళ్లకు పైగా ముందటి మాట ఇది. ధమ్మధరులంటే ఇవాళ్టి మాటలో చదువుకునేవాళ్లే. పెట్టేవాళ్లుంటే తిని, ఉండడానికి ఓ గది దొరికితే అందులో ఉండి చదువుకున్నవాళ్లు. ఆ గుట్టకు కూతవేటు దూరంలో, చైతన్యపురి మెట్రో స్టేషన్ చుట్టూ ఉన్న సందుల్లో ఇప్పుడు వేలమంది పిల్లలు గదులు అద్దెకు తీసుకుని చదువుకుంటున్నారు. తేడా ఒక్కటే. ఆ గది దానంగా ఇచ్చింది, ఈ గది నెలనెలా డబ్బు కడితే దక్కేది.

ఈ రెండు గదుల మధ్య పదిహేను వందల ఏళ్లు గడిచాయి. ఆ కాలమంతా దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్, ఎల్బీనగర్, హయత్‌నగర్ ప్రాంతంలో దాతలకు కొదవ లేదు. రాజులు ఇచ్చారు, రాణులు ఇచ్చారు, కులపెద్దలు ఇచ్చారు, కాలనీల జనం నేటికీ ఇస్తూనే ఉన్నారు. లేనిదల్లా ఇచ్చిన సొమ్మును ఈ ప్రాంతం పేరుమీద పోగుచేసి, అసలు చెడకుండా కాపాడి, ఏటేటా ఈ ప్రాంతంలోని సేవాసంస్థలకూ పేద విద్యార్థులకూ పంచే ఉమ్మడి సంస్థ. ప్రపంచం దాన్ని కమ్యూనిటీ ఫౌండేషన్ అంటుంది. మన మాటలో ఊరుమ్మడి నిధి అనుకోవచ్చు. 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకరు మొట్టమొదటిది పెట్టాడు. పోయినవాళ్లు వీలునామాల్లో రాసిపెట్టిన నిధులు, ఆ రాత కాలం చెల్లిపోయాక ఎవరికీ పనికిరాకుండా పడి ఉండటం ఆయన చూశాడు. సొమ్మును ఒక్కచోట చేర్చి, ఏ తరం అవసరం ఏమిటో ఆ తరం స్థానిక కమిటీయే తేల్చుకునేలా ఏర్పాటు చేశాడు. మన దేశంలో ఆ నమూనా 1991లో బొంబాయి కమ్యూనిటీ పబ్లిక్ ట్రస్టుతో మొదలైంది. తూర్పు హైదరాబాద్‌లో అలాంటిది పుట్టకపోవడానికి జనం పిసినారితనం కారణం కాదని నా వాదన. దానం చేసే మనిషికి ఒక ఊరు కావాలి. దిల్‌సుఖ్‌నగర్ ఇంకా ఎవరికీ ఊరు కాలేదు.

మొదట రాచదానాల సంగతి చూద్దాం. బందరు నుంచి గోల్కొండకు వచ్చే బాటసారులు నగరంలో అడుగు పెట్టకముందు ఆగే చోటు హయత్‌నగర్. అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయత్ బక్షీ బేగం పేరుతో వెలిసిన ఊరు. 17వ శతాబ్దంలో కట్టిన మసీదు, దాని చుట్టూ సరాయి గదులు, పక్కన ఏనుగు బావి. వచ్చినవాడు ఎవరు, ఎక్కడివాడు అని అడగకుండా నీడ ఇవ్వడానికి కట్టినవి ఆ గదులు. ఆ తర్వాత చెప్పుకోవలసింది విక్టోరియా మెమోరియల్ అనాథాశ్రమం. 1901లో విక్టోరియా రాణి చనిపోయాక, ఆమె జ్ఞాపకార్థం ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ సరూర్‌నగర్‌లోని తన మహల్‌ను, దాని చుట్టూ ఉన్న విశాలమైన స్థలాన్ని అనాథ పిల్లల కోసం ఇచ్చేశారు. పరాయి రాణి పేరు పెట్టడం ఆనాటి రాజకీయం. ఆ పేరు చాటున నిలిచిన పని మాత్రం రాజకీయాన్ని దాటి బతికింది. నిజాములు పోయారు, హైదరాబాద్ రాజ్యం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. తల్లిదండ్రులు లేని పిల్లలు అక్కడ ఇప్పటికీ ఉండి చదువుకుంటున్నారు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ వరకు మెట్రో నడవటం మొదలయ్యాక ఆ పేరు ఒక స్టేషనుకూ వచ్చింది. రోజూ ఆ స్టేషన్‌లో దిగేవాళ్లకు అది స్టాపు పేరే తప్ప, అనాథ పిల్లలకు రాసిచ్చిన ఆస్తి పేరని తట్టదు.

ఆ ఆస్తి ఇంతకాలం ఎందుకు నిలిచిందన్నది ఆలోచించవలసిన ప్రశ్న. నిజాం ఏటా కొంత డబ్బిస్తానని మాట ఇచ్చి ఊరుకుని ఉంటే 1911లో ఆయనతోపాటే ఆ మాటా పోయేది. ఆయన ఇచ్చింది నేల, కట్టడం. వాటిని ఫలానా పనికే వాడాలన్న షరతు. చుట్టూ ఉన్న పొలాలు ప్లాట్లయి, ప్లాట్లు అపార్టుమెంట్లయి, గజం ధర లక్షలకు ఎగబాకిన ప్రాంతంలో అంత ఖాళీ స్థలం మిగిలిందంటే ఆ షరతే కాపలా కాసింది. ఆ స్థలంలో కొంత భాగాన్ని రాచకొండ పోలీసు కమిషనరేట్‌కు ఇవ్వాలని ప్రభుత్వం తలపెట్టినప్పుడు, అక్కడ చదువుకుని బయటికొచ్చినవాళ్లు గొంతెత్తారు, వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. అనాథగా పెరిగిన మనిషి నడివయసులో నిలబడి, ఇది పిల్లల సొత్తు అని చెప్పగలగడం నా దృష్టిలో ఈ ప్రాంత చరిత్రలో చిన్న ఘట్టం కాదు. దాత వారసులెవరూ పట్టించుకోని చోట లబ్ధి పొందినవాళ్లే వారసులయ్యారు.

అయితే రాచదానానికి పెద్ద లోపం ఉంది. ఎవరికివ్వాలో తేల్చేది రాజు ఒక్కడే. 1895లో సరోజినీ చట్టోపాధ్యాయ అనే పదహారేళ్ల అమ్మాయికి నిజాం ఉపకారవేతనం దొరికింది, ఆమె ఇంగ్లండుకు వెళ్లి చదువుకుంది, సరోజినీ నాయుడుగా దేశమంతా పేరు తెచ్చుకుంది. ఆమె తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయ నిజాం కాలేజీని తీర్చిదిద్దిన పండితుడు. దర్బారు చూపు పడే దూరంలో ఉన్న ఇల్లు అది. అదే రాజ్యంలో నల్లగొండ జిల్లా పల్లెలో పుట్టిన తెలివైన పిల్లవాడి మీద ఆ చూపు పడే దారేదీ? అతనికి విదేశీ చదువు మాట అటుంచండి, నగరానికి వస్తే రాత్రి తలదాచుకునే చోటు లేదు. పైచదువులు చాలావరకు హైదరాబాద్‌లోనే, బోధన ఎక్కువగా ఉర్దూలో, వసతి ఎవరికి వారే చూసుకోవాలి. అందుకే తెలంగాణలో విద్యార్థికి సాయం అన్నది మొదట నగదు రూపంలో రాలేదు. పడుకోవడానికి చాప, రెండు పూటల భోజనం, దీపం వెలుతురు రూపంలో వచ్చింది. ఇక్కడ స్కాలర్‌షిప్పుల చరిత్ర అంటే హాస్టళ్ల చరిత్రే.

ఆ చరిత్రకు 1918 పెద్ద మలుపు. వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టి పోలీసు శాఖలో ఎదిగిన వెంకటరామారెడ్డి ఆ ఏడాది రెడ్డి హాస్టల్ పెట్టించారు. రెండేళ్ల తర్వాత ఆయన నగర కొత్వాలు, అంటే పోలీసు పెద్ద, అయ్యారు, రాజ బహద్దూర్ బిరుదు పొందారు. సంస్థానాధీశులను, దేశ్‌ముఖులను, జాగీర్దార్లను అడిగి చందాలు పోగుచేశారు. సురవరం ప్రతాపరెడ్డి కొంతకాలం ఆ హాస్టల్ నిర్వహణ చూశారు. 1926లో గోలకొండ పత్రిక నడిపిన చేయి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక కూర్చిన చేయి హాస్టల్ పద్దులు కూడా చూసిందంటే ఆ తరానికి పత్రిక, పద్యం, పిల్లల భోజనం వేర్వేరు పనులుగా తోచలేదన్నమాట. ఆ దారిలోనే కాచిగూడ, నారాయణగూడ, హిమాయత్‌నగర్ పరిసరాల్లో వైశ్య హాస్టల్, మున్నూరుకాపు హాస్టల్, గౌడ హాస్టల్ వంటివి వెలిశాయి. బంధువుల ఇళ్ల అరుగుల మీద పడుకుని చదువుకోవలసిన పిల్లలు వాటి పుణ్యాన ప్లీడర్లు, డాక్టర్లు, ఉపాధ్యాయులు అయ్యారు.

ఈ కథను ఇంత మెచ్చుకోలుగా చెప్పడం సరికాదని ఎవరైనా అనవచ్చు. అందుకు రెండు అభ్యంతరాలు ఉన్నాయి, రెండూ బలమైనవే. పోలీసు పెద్ద వచ్చి చందా అడిగితే కాదనే ధైర్యం ఏ దేశ్‌ముఖుకు ఉంటుంది? అది దానమా, మొహమాటపు పన్నా? నిజమే. చందా పుస్తకంలో ప్రతి పేరు వెనుకా ఉదారత ఉందని నేననను. కానీ 1934లో వెంకటరామారెడ్డి కొత్వాలు పదవి వదిలారు, 1953లో కన్నుమూశారు. ఆ మరుసటి ఏడాది నారాయణగూడలో మొదలైన మహిళా కళాశాల ఆయన పేరుతో ఇప్పటికీ నడుస్తోంది. భయంతో ఇచ్చిన సొమ్ము అయినా కమిటీ చేతికి, పద్దు పుస్తకానికి, రిజిస్టరయిన ఆస్తికి చేరాక భయపెట్టినవాడితో దానికి పని లేకపోయింది. రెండో అభ్యంతరం ఇంతకన్నా లోతైనది. కులం పేరుమీద హాస్టల్ అంటే కులం లేని చదువుకు తలుపు మూసినట్టేగా? దాత దొరికిన కులం పిల్లవాడు చదువుకున్నాడు, దాత దొరకని కులం పిల్లవాడు పొలంలో మిగిలాడు. దీనికి నా దగ్గర సమర్థన లేదు. భాగ్యరెడ్డి వర్మ జీవితమే దీనికి సాక్ష్యం. 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మన్యసంఘం పెట్టి, ఇసామియా బజారు మొదలుకొని నగరంలో దళిత పిల్లలకు బడుల మీద బడులు తెరిచినప్పుడు ఆయన వెనుక సంస్థానాధీశులు లేరు. జీతగాళ్లు, కూలీలు ఇచ్చిన అణాలు, మనసున్న కొందరు మిత్రుల సాయం, అంతే. తర్వాత ఆ బడులను నిజాం ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. రెడ్డి హాస్టల్‌కు నేల, భవనం, మూలధనం ఉన్నాయి కనుక సొంతంగా నిలబడింది. వర్మ బడులకు అవి లేవు కనుక సర్కారు నీడకు చేరాయి. అన్యాయం మనసులో మాత్రమే కాదు, మూలధనంలోనూ ఉంది. దాన్ని సరిచేయాలంటే కులం గీత దాటిన ఉమ్మడి మూలధనం కావాలి.

అలాంటిది ఆ రోజుల్లో ఊహకు అందనిదేమీ కాదు. 1901 సెప్టెంబరు 1న సుల్తాన్‌బజారులో, రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు వంటివాళ్లు ముందుండి నడిపారు. దాన్ని కలిపి నిలిపింది కులం కాదు, భాష. 1928లో మాడపాటి హనుమంతరావు ప్రభృతులు తెలుగు మాధ్యమంలో ఆంధ్ర బాలికల పాఠశాల పెట్టారు. ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో గుర్తింపు దొరకడం గగనమై, పుణెలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం పెట్టుకుని నెట్టుకొచ్చారు. భాషానిలయం నూట ఇరవై ఏళ్లు దాటి బతికి ఉండటానికి కారణం దాతల గొప్పతనం ఒక్కటే కాదు. దానికి సభ్యులున్నారు, కార్యవర్గం ఉంది, సొంత భవనం ఉంది. దాత ఇంట్లో పుట్టిన సంస్థ దాత ఇంటి నుంచి బయటికి నడిచింది.

ఈ హాస్టళ్లు, బడులు, గ్రంథాలయం అన్నీ చాదర్‌ఘాట్ వంతెనకు పడమటి పక్కనే వెలిశాయన్నది గమనించాలి. వంతెనకు ఇవతల మలక్‌పేట దాటితే అప్పటికి పొలాలు, తోటలు, సరూర్‌నగర్ చెరువు, వేట అడవి. దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అనే ఆసామి సాగుభూమి ప్లాట్లుగా విడిపోయి దిల్‌సుఖ్‌నగర్ అయింది. లాల్ బహదూర్ శాస్త్రి పేరుతో ఎల్బీనగర్ వెలిసింది. నిజాం వేటాడిన అడవి అంచున వనస్థలిపురం లేచింది. ఉద్యోగులు సొసైటీలుగా కూడి స్థలాలు కొన్నారు. పోస్టల్ శాఖవాళ్లు పి అండ్ టీ కాలనీ, టెలిఫోన్‌వాళ్లు టెలిఫోన్ కాలనీ, సర్కారు ఉద్యోగులు ఎన్జీవోస్ కాలనీ. 2007లో ఎల్బీనగర్, గడ్డిఅన్నారం పురపాలికలు గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిపోయాయి. అంటే ఈ ప్రాంతానికి తనకంటూ ఉన్న పురపాలన కూడా పోయింది. ఒక్కో కాలనీకి గేటు బోర్డు, పార్కు, కమ్యూనిటీ హాలు, సంక్షేమ సంఘం ఉన్నాయి. అన్నిటినీ కలిపే ఊరు మాత్రం లేదు. నగరంలో దానం నేలగా దొరికే రోజులు అయిపోయాక పుట్టిన ప్రాంతం ఇది. లేఅవుట్‌లో పార్కుకు వదిలిన జాగా తప్ప పదిమందికీ అని మిగిలిన నేల లేదు. పాత రాచదానం ఒక్కటి, ఆ విక్టోరియా మెమోరియల్, మధ్యలో దీవిలా మిగిలింది.

విద్యార్థులు రావడం మాత్రం ఆగలేదు. నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, దేవరకొండ బస్సుల్లో చాలామటుకు నగరంలోకి వచ్చేది ఎల్బీనగర్ చౌరస్తా మీదుగానే. ఎంసెట్, డీఎస్సీ, గ్రూప్స్, ఎస్సై, కానిస్టేబుల్, బ్యాంకు పరీక్షల కోచింగులు, సాఫ్ట్‌వేర్ కోర్సులు దిల్‌సుఖ్‌నగర్‌లో పేరుకున్నాయి. వాటి వెంట హాస్టళ్లు వచ్చాయి. చైతన్యపురి మెట్రో పిల్లర్ల దగ్గర నిలబడి చూస్తే చాలు. మూడంతస్తుల ఇంటి ముందు ఫ్లెక్సీ, బాయ్స్ హాస్టల్ అని పెద్ద అక్షరాలు, కింద టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్ అని వరస. మెట్ల కింద వాటర్ క్యాన్లు, మెట్ల మీద చెప్పులు. గదిలో ఇనుప మంచాలు, మంచానికో ట్రంకు పెట్టె, కిటికీ చువ్వలకు ఆరేసిన తువ్వాళ్లు. పరుపు పక్కన కరెంట్ అఫైర్స్ పుస్తకం. ఫీజు నెల మొదట్లో కట్టాలి. నోటిఫికేషన్ ఆరు నెలలు వాయిదా పడితే కోచింగ్ సెంటరుకు నష్టం లేదు, హాస్టల్‌కు నష్టం లేదు. ఊళ్లో తల్లి మరో ఆరు నెలలు కూలికి వెళ్లాలి. పత్తి అమ్మిన డబ్బులు అందేవరకు పిల్లవాడు మెస్‌లో ఒక పూట మానేస్తాడు. 1918 నాటి అవసరం ఇదే, చిరునామా మారింది. ఆనాడు పోయి తలుపు తట్టడానికి ఒక ధర్మ హాస్టల్ ఉండేది, ఇక్కడ తట్టడానికి తలుపు లేదు.

మరి ఇక్కడ స్థిరపడిన లక్షల కుటుంబాలు ఇవ్వడం లేదా అంటే, నిక్షేపంగా ఇస్తున్నాయి. సొంతూళ్లో బడికి గది కట్టిస్తాయి, గుడికి ధ్వజస్తంభం ఇస్తాయి, వాటర్ ప్లాంటు పెట్టిస్తాయి. అమెరికాలో ఉన్న కొడుకు తానా ద్వారానో మరో సంఘం ద్వారానో తాత పుట్టిన పల్లెకు సాయం పంపుతాడు. తాను పెరిగిన మారుతీనగర్ సందుకు పంపాలని అతనికి తోచదు. కులసంఘాలకు ఇస్తాయి. ఆ దారి ఎంత బలమైనదంటే, తెలంగాణ ప్రభుత్వమే మూసీ అవతల ఉప్పల్ భగాయత్‌లో బీసీ కులాల ఆత్మగౌరవ భవనాలకు స్థలాలు కేటాయించింది. ఇక దేవుడు. దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి, కొత్తపేట అష్టలక్ష్మి గుడి ఎప్పుడు చూసినా కిటకిటలాడతాయి. అన్నదానం పేరుతో చీటీ రాయించనివారు అరుదు. సొంతూరు, కులం, గుడి. ఈ మూడు కాలువల్లో పారే నీరు నివసించే చోటును తడపకుండానే దాటిపోతుంది.

ఊరనే భావన ఉన్న చోట ఏం జరుగుతుందో చూడాలంటే బాలాపూర్ వెళ్లాలి. ఎల్బీనగర్‌కు దగ్గరే, నగరం చుట్టుముట్టినా ఊరితనం పోగొట్టుకోని ఊరు. 1994లో అక్కడ గణపతి చేతిలోని లడ్డూను వేలం వేస్తే 450 రూపాయలు పలికింది. 2024లో 30 లక్షల 1 వెయ్యి, 2025లో 35 లక్షలు. పాట నడిబజారులో జరుగుతుంది, అంకె ఊరంతటికీ, ఆ సాయంత్రానికి రాష్ట్రమంతటికీ తెలుస్తుంది. ఆ సొమ్ము ఊరి పనులకు, గుడికి, బడికి వాడుతున్నారు. ఇది భక్తి పేరిట ఊరు తనపై తాను వేసుకున్న పన్ను. అయినా బాలాపూర్ ఊరు కాబట్టి సాధ్యమైంది, వలసవచ్చినవాళ్ల కాలనీలకు సాధ్యం కాదంటూ నా వాదనను నా మీదికే తిప్పవచ్చు. దానికి బదులు నగరానికి నైరుతిన ఉంది. బండ్లగూడ జాగీర్‌లోని కీర్తి రిచ్‌మండ్ విల్లాస్‌లో ఎవరూ పుట్టి పెరగలేదు, అందరూ ఇళ్లు కొనుక్కుని వచ్చినవాళ్లే. వాళ్లు జట్లుగా కూడి లడ్డూ పాడతారు. 2024లో ఒక కోటి 87 లక్షలు, 2025లో 2 కోట్ల 32 లక్షలు. ఆ సొమ్మును ఆర్‌వీ దియా ఛారిటబుల్ ట్రస్టు ద్వారా సేవాసంస్థలకు పంచుతున్నారు. ఊరుమ్మడి నిధి చేసే పని అచ్చంగా ఇదే. వాళ్లు కలవారు, నిజమే. ఆ అంకెలు పి అండ్ టీ కాలనీకి అందవు. కానీ వాళ్లు చూపించింది అంకె కాదు, ఊరు పుట్టించుకోవచ్చన్న సంగతి. హద్దులు తెలిసిన ప్రదేశం, ఏటా ఒకసారి అందరూ కూడే సందర్భం, లెక్క రాసే ట్రస్టు ఉంటే చాలు.

ఇప్పుడు సర్కారు ఉంది కదా, ఈ పాత పద్ధతులెందుకు అనే ప్రశ్నకు వద్దాం. దళిత విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ ఉపకారవేతనాలు 1944లోనే మొదలయ్యాయి. 1971లో పీవీ నరసింహారావు హయాంలో నాటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల వచ్చింది. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ నడుస్తోంది. ఇవి చేసినంత మేలు ఏ దాతా చేయలేడు, చేయనవసరం లేదు కూడా. అయితే సర్కారు సాయం కాలేజీ రోల్ నంబరు ఉన్నవాడికి, బడ్జెట్ విడుదలైనప్పుడు అందుతుంది. బకాయిల కోసం కాలేజీలు ఆందోళనకు దిగితే సర్టిఫికెట్ చేతికి రాక అల్లాడేది విద్యార్థి. డిగ్రీ అయిపోయి పోటీ పరీక్షలకు చదివేవాడు, చిన్న సెంటరులో కోర్సు చేరినవాడు, తండ్రి పోయి పరీక్ష ఫీజు గడువు రేపటితో ముగిసే అమ్మాయి ఆ గళ్లలో ఇమడరు. కార్పొరేట్ సామాజిక బాధ్యత నిధులు ఉన్నాయంటారా, 2014 నుంచి చట్టం ఆ బాధ్యత పెట్టింది 5 కోట్ల లాభమో, 500 కోట్ల నికర విలువో, 1000 కోట్ల టర్నోవరో ఉన్న కంపెనీల మీద. అవి తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అదే చట్టం చెబుతోంది. అలాంటి కంపెనీల అద్దాల మేడలు ఎక్కువగా నగరానికి పడమట ఉన్నాయి. ఈ ప్రాంతంలో ఎక్కువగా ఉన్నవి బట్టల దుకాణాలు, హోటళ్లు, ట్యూషన్లు, క్లినిక్కులు. విదేశాల్లోని పిల్లలు పంపుతారంటారా, విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఆ విరాళాన్ని ఒక సంస్థ తీసుకుని మరో సంస్థకు పంచడం చట్టం ఒప్పుకోదు. కనుక ఈ ప్రాంతపు నిధి ఈ ప్రాంతపు రూపాయలతోనే మొదలవ్వాలి.

అది ఎంత రూపాయి అన్నది లెక్కేసి చూస్తే భయపడాల్సినంత ఉండదు. నాలుగు కాలనీలు కలిసి పది లక్షలు మూలధనంగా పోగుచేశాయనుకుందాం. బ్యాంకులో 7 శాతం వడ్డీ వస్తే ఏడాదికి 70 వేలు. ధర్మసంస్థలు ఆదాయంలో 85 శాతం ఆశయానికి ఖర్చు పెట్టాలని ఆదాయపు పన్ను నియమం, 15 శాతం దాచుకోవచ్చు. 10,500 మూలధనంలో కలుస్తాయి, 59,500 చేతిలో ఉంటాయి. నెలకు ఆరు వేల హాస్టల్ ఫీజు లెక్కన ఒక విద్యార్థికి దాదాపు పది నెలల తిండి, నీడ. ఒక్కడికేనా అనిపిస్తుంది. ఈ ఏడు ఒకరు, వచ్చే ఏడు మరొకరు, ఇరవై ఏళ్లలో ఇరవై మంది, అసలు పది లక్షలు పదిలం. వినాయక చవితి పందిళ్లకూ సౌండ్ బాక్సులకూ పెట్టిన ఖర్చు మర్నాటికి మిగలదు. చరిత్రలో నిలిచిన దానాలన్నీ అసలును ముట్టుకోనివే.

నమ్మడం ఎలా అన్న మాట చివరికి ఎప్పుడూ వస్తుంది, రావాలి కూడా. ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ దారి పట్టి గంట ప్రయాణిస్తే పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న అక్కడ వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలిచ్చారు, భూదానోద్యమం పుట్టింది. అంత పవిత్రంగా మొదలైన భూదానంలోనే తర్వాత రికార్డులు గల్లంతయ్యాయి, భూములు చేతులు మారాయి, రంగారెడ్డి జిల్లాలో తగాదాలు నేటికీ తెగలేదు. దేవుడి మాన్యాలదీ వక్ఫు ఆస్తులదీ ఇదే గోడు. ఇవి చూసి దానమే దండగ అనుకోవడం తేలిక. నాకు వీటిలో కనిపించేది వేరు. భూదానం చేసినవారు వేరే చోట, భూమి వేరే చోట, నిర్వహించే బోర్డు మరో చోట. ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మధ్య చూసే కన్ను లేదు. బాలాపూర్‌లో లడ్డూ లెక్క దాచడం కష్టం, ఎందుకంటే పాట పాడింది అందరి ముందు. చిన్న హద్దులో ఉన్న నిధికి ఇరుగుపొరుగే ఆడిటరు. డబ్బు విద్యార్థి చేతికి కాక హాస్టల్‌కో కాలేజీకో చెక్కుగా వెళ్లాలి. ఎంపిక కమిటీలో విరాళమిచ్చినవాళ్లతోపాటు ప్రభుత్వ పాఠశాల టీచరు ఒకరు, గతంలో సాయం పొంది నిలదొక్కుకున్నవారు ఒకరు ఉండాలి. దరఖాస్తులో కులం గడి, సొంతూరి గడి ఉండకూడదు. ఎందరికి ఎంత ఇచ్చారన్నది పేర్లు లేకుండా, అంకెలతో కమ్యూనిటీ హాలు గోడ మీద రాయాలి. దానాన్ని అందరికీ కనబడేలా రాయడం ఫణిగిరి గుట్ట మీద బండకు చెక్కినవాళ్లు చేసిందే.

ఈసారి సరూర్‌నగర్ చెరువులో నిమజ్జనం అయిన మర్నాడు ప్రతి కాలనీ ఉత్సవ కమిటీ చందాల పుస్తకం ముందేసుకుని కూర్చుంటుంది. పందిరి వాడికి, బ్యాండు వాడికి, పూజారికి ఇవ్వవలసినవి ఇచ్చాక ఎంతో కొంత మిగులుతుంది. ఆ మిగిలిన సొమ్మును వచ్చే ఏటికి దాచకండి. పక్క కాలనీ వాళ్లను పిలవండి, ఇద్దరూ కలిసి దిల్‌సుఖ్‌నగర్ పేరుమీద ఒక ట్రస్టు రిజిస్టరు చేయించి, అందులో వేయండి.